డ్రయ్యర్ తిరగట్లేదా? మెకానిక్కును పిలిచే ముందు ఇవి చూడండి

 

రోజూ ఉతికిన యూనిఫాం వేసుకొని రమ్మని బడిలో మేము సులభంగా చెప్పేస్తాం. ఇంట్లో కష్టం మీది. పొలం పనో కూలి పనో ముగించుకొని వచ్చి, నీళ్లు వచ్చే వేళ చూసుకొని, రాత్రి పూట ఉతుకుతారు. చాలామంది పిల్లలకు ఉన్నవి రెండే జతలు. తెల్లారేసరికి బట్టలు ఆరాలంటే మిషనులోని డ్రయ్యర్ తిరగాల్సిందే. సరిగ్గా ఆ రాత్రే అది కాసేపు మూలిగి నిలిచిపోతుంది.

మిషనుతో ఇచ్చిన పుస్తకం తీసి చూద్దామంటే చాలా మటుకు ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. బయట మనం కన్నడంలో నెట్టుకొస్తాం, ఇంట్లో చదివేది తెలుగు. అందుకే ఈ వ్యాసం. ఒకటి ముందే చెప్పేస్తాను. డ్రయ్యర్‌కు వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం చిన్నవే. మోటారు కాలిపోయిందని వెంటనే భయపడొద్దు. అయితే రెండు విషయాల్లో మాత్రం "ఇప్పటికి ఎట్లో నడవనీ" అనుకోకూడదు. ఒకటి మూత దగ్గరి బ్రేకు, రెండోది ఎర్తింగు. ఎందుకో కింద చెప్తాను.

మనం డ్రయ్యర్ అనేది దేన్ని?

మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది రెండు తొట్టెల సెమీ ఆటోమేటిక్ మిషను. ఒక తొట్టి ఉతుకుతుంది, రెండోది పిండుతుంది. ఆ పిండే తొట్టినే మనం డ్రయ్యర్ అంటాం. ఇందులో వేడి ఉండదు. వేగంగా తిప్పి నీళ్లను బయటికి విసరడమే దాని పని. మిగతా పని ఎండ చేస్తుంది. ఎండకు మన తాలూకాలో కొదవేముంది? ఆ ఎండను నమ్ముకునే కదా తిరుమణి చుట్టుపక్కల 2050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు.

అమెరికాలాంటి చోట్ల డ్రయ్యర్ అంటే వేరే మిషను. వేడి గాలి ఊది బట్టలను పూర్తిగా ఆరబెడుతుంది. అందులో బట్టల నూగు పేరుకుంటే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి వాళ్లు నూగు జల్లెడను ప్రతిసారీ శుభ్రం చేస్తారు. పిల్లలు ఫోనులో "డ్రయ్యర్ రిపేరు" అని వెతికితే ఎక్కువగా వచ్చే వీడియోలు ఆ మిషనువే. వాటిలో చెప్పే హీటర్ కాయిల్ మన మిషనులో ఉండనే ఉండదు. అవి చూసి మన మిషను విప్పొద్దు.

లోపల ఏముంది?

ఉతికే తొట్టికి ఒక మోటారు, పిండే తొట్టికి ఇంకో మోటారు ఉంటాయి. డ్రయ్యర్ మోటారు ఇరుసు నేరుగా చిల్లుల బుట్టకు బిగించి ఉంటుంది. దీనికి తోడు నాలుగు వస్తువులు ఉన్నాయి: ఎంతసేపు తిరగాలో చెప్పే టైమర్, మూత మూస్తేనే కరెంటు వదిలే స్విచ్చి, మూత ఎత్తగానే బుట్టను పట్టి ఆపే బ్రేకు, మోటారు మొదలవడానికి సాయం చేసే కెపాసిటర్.

పిల్లలూ, ఒక లెక్క చూడండి. బుట్ట వ్యాసార్ధం 11 సెంటీమీటర్లు, నిమిషానికి 1300 చుట్లు అనుకుందాం. బుట్ట అంచు వేగం సెకనుకు దాదాపు 15 మీటర్లు, అంటే గంటకు 54 కిలోమీటర్లు. రోడ్డు మీద మోటారు సైకిలు పోయే వేగమది. అంచున ఉన్న బట్టను లోపలికి వంచి తిప్పడానికి కావాల్సిన బలం దాని బరువుకు సుమారు 200 రెట్లు. బట్టను బుట్ట గోడ ఆపుతుంది, నీళ్లకు చిల్లులు దొరుకుతాయి కాబట్టి అవి బయటికి పోతాయి. చెయ్యి పెడితే ఏమవుతుందో ఈ లెక్కే చెప్తుంది.

ముందు జాగ్రత్తలు

స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకి చేతికి అందేలా పక్కన పెట్టుకోండి. కింద నీళ్లుంటే తుడిచి, కాళ్లకు చెప్పులు వేసుకొని పని మొదలుపెట్టండి. వెనక రేకు విప్పే పని పెద్దవాళ్లదే, అదీ అలవాటున్న వాళ్లది. కెపాసిటర్‌ను ముట్టుకోవద్దు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా దానిలో కరెంటు నిలవుండి కొట్టొచ్చు. పిల్లలు చూడొచ్చు, రాసుకోవచ్చు, విప్పకూడదు.

1. అసలు చప్పుడే లేదు

మొదట ఉతికే తొట్టిని తిప్పి చూడండి. అది కూడా తిరగకపోతే తప్పు మిషనుది కాకపోవచ్చు. ప్లగ్గు వదులుగా ఉందా, ఫ్యూజు పోయిందా, ఎంసీబీ పడిపోయిందా చూడండి. అదే సాకెట్‌కు ఇంకో వస్తువు పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఉతికే తొట్టి తిరుగుతూ డ్రయ్యర్ మాత్రం తిరగలేదంటే ఇంటి కరెంటు, ప్లగ్గు, తీగ బాగున్నట్టే. ఇక చూడాల్సినవి డ్రయ్యర్ టైమర్, మూత స్విచ్చి, ఆ మోటారు తీగలు. మూత పూర్తిగా పడిందో లేదో చూడండి. మూత చివర స్విచ్చిని నొక్కే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది విరిగితే మూత మూసినా కరెంటు పోదు. ఈ ముక్క విరగడం మామూలే.

అంతకుముందు వరసగా మూడు నాలుగు వాయిలు తిప్పి ఉంటే ఒక అరగంట ఆగండి. చాలా మోటార్లలో వేడెక్కితే తనంతట తాను కరెంటు ఆపుకునే ఏర్పాటు ఉంటుంది. చల్లబడితే మళ్లీ తిరుగుతుంది.

ఇంకో కారణం ఎలుకలు. మిషను అడుగు తెరిచి ఉంటుంది. పక్కనే చెనిక్కాయ మూటలుంటే చెప్పనక్కర్లేదు. ఎలుకలు లోపల చేరి తీగలు కొరుకుతాయి. అడుగున సన్నని జాలీ బిగించండి. కొరికిన తీగకు టేపు చుట్టి సరిపెట్టుకోకుండా తీగే మార్పించండి.

2. మూలుగుతుంది, తిరగదు

ఇది అందరిళ్లలో వచ్చేదే. మూలుగుడు వినగానే ఆపేయండి. "కాసేపుంటే అదే తిరుగుతుంది" అని వదిలేస్తే మోటారు వైండింగు కాలుతుంది. చిన్న ఖర్చు పెద్దదయ్యేది ఇక్కడే.

మూలుగుతుందంటే మోటారుకు కరెంటు అందుతోంది, కానీ తిరగలేకపోతోంది. కారణం రెండింటిలో ఒకటి. ఏదో పట్టేసి ఉండాలి, లేదా మొదటి తోపు అందకపోవాలి.

పట్టేసేది చాలాసార్లు ఒక సాక్సో, చేతిగుడ్డో. బుట్టకూ బయటి తొట్టికీ మధ్య సందులోకి జారి, కింద ఇరుసుకు చుట్టుకుంటుంది. ప్లగ్గు పీకి, టార్చి వేసి చూడండి. కనిపిస్తే నెమ్మదిగా, బుట్టను చేత్తో అటూ ఇటూ కదుపుతూ లాగండి. కత్తి, స్క్రూడ్రైవరు గుచ్చొద్దు. అడుగున ఉండే రబ్బరు సీలు చినిగితే కొత్త తంటా వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మూత ఎత్తి బుట్టను తిప్పి చూసి, "గట్టిగా ఉంది, జామ్ అయింది" అంటారు. మూత ఎత్తితే బ్రేకు పడుతుంది కదా, గట్టిగా ఉండాల్సిందే. పట్టేసిందో లేదో తెలియాలంటే ప్లగ్గు పీకి, మూత మూసి, వెనక రేకు విప్పి, మోటారుకూ బుట్టకూ నడుమ ఉన్న జోడింపును చేత్తో తిప్పాలి. అప్పుడు తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే బ్రేకు తీగ సరిగ్గా లేక బ్రేకు పట్టుకునే ఉండొచ్చు, లేదా బేరింగు తుప్పు పట్టి ఉండొచ్చు. తేలిగ్గా తిరుగుతుంటే అనుమానం కెపాసిటర్ మీద. దాని ధర మోటారు ధరలో చిన్న వంతే. మార్చేటప్పుడు పాతదాని మీద రాసిన మైక్రోఫ్యారడ్ అంకె, వోల్టు అంకె చూసి అదే రకం వేయించాలి. డ్రయ్యర్ మోటారు అంకె ఉతికే మోటారు అంకెకంటే చిన్నదిగా ఉంటుంది. రెండూ ఒకే డబ్బాలో ఉండే మిషనులూ ఉన్నాయి. అంకె తప్పితే మోటారు వేడెక్కుతుంది.

కెపాసిటర్ బాగున్నా మూలుగుతుంటే వోల్టేజీ చూడండి. మోటారు తిరిగే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే బలం దాదాపు 60 శాతానికి పడిపోతుంది. వీధిలో పంపుసెట్లన్నీ ఆడే వేళ మిషను మొరాయించి, అర్ధరాత్రి బాగా తిరిగితే తప్పు మిషనుది కాదు. రోజూ ఇట్లాగే ఉంటే బెస్కాం వాళ్లకు 1912 నంబరులో చెప్పండి.

3. తిరుగుతుంది, కానీ బట్టలు తడిగానే ఉంటాయి

నీళ్లు పోయే పైపు చూడండి. అది నేల మీద పల్లానికి ఉండాలి. బకెట్ అంచు మీద పైకెత్తి పెడితే నీళ్లు తొట్టి అడుగునే నిలిచి బుట్టను పట్టి లాగుతాయి. నీళ్లను దాచుకొని చెట్లకు పోసుకోవడం మంచిదే, మన ఊళ్లలో చుక్క నీరు కూడా వదలకూడదు. కానీ బకెట్‌ను మిషనుకంటే పల్లంలో పెట్టుకోండి, లేదా మిషనును దిమ్మె మీదికి ఎక్కించండి. పైపు ఎక్కడైనా మడత పడిందా, లోపల నూగు అడ్డుపడిందా చూడండి. డ్రయ్యర్ తిరిగేటప్పుడే ఉతికే తొట్టి నీళ్లు వదలకండి. రెండు తొట్టెలకూ దారి ఒకటే కాబట్టి నీళ్లు వెనక్కి తంతాయి.

బోరు నీళ్ల ఉప్పు ఇంకో కారణం. బుట్ట చిల్లుల చుట్టూ తెల్లటి పొర కడుతుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ ముంచి రుద్దితే కరుగుతుంది. నిమ్మ ఉప్పును బ్లీచింగుతో మాత్రం కలపకండి. విష వాయువు పుడుతుంది.

రబ్బరు కాలిన వాసన వస్తే బ్రేకు సగం పట్టి రాసుకుంటోందని అర్థం. వాడటం ఆపి చూపించండి.

4. దడదడ కొట్టుకుంటుంది

ముందు బట్టలు తీసి మళ్లీ సర్దండి. అడుగు నుంచి చుట్టూ సమానంగా పేర్చి, అదిమి, పైన ఇచ్చిన పల్చటి ప్లాస్టిక్ మూతను తప్పక పెట్టండి. ఆ చిన్న మూత పోయిందని ఊరికే తిప్పే ఇళ్లు చాలా ఉన్నాయి. బట్టలు లేచి సందులో పడేది అందుకే. ఒక్క జీన్సు ప్యాంటు తిప్పడంకంటే ఇంకో రెండు బట్టలు జత చేస్తే బరువు సమంగా ఉంటుంది.

రెయిన్‌కోటు, రెక్సిన్, ప్లాస్టిక్ పట్టా డ్రయ్యర్‌లో వేయొద్దు. వాటిలోంచి నీళ్లు పోవు. ఒక మూల మూటలా నిలిచి, వేగం అందుకున్నాక బుట్టను ఒక్కసారిగా పక్కకు విసురుతాయి. మిషనే పడిపోవచ్చు.

బట్టలు లేకుండా తిప్పినా కొట్టుకుంటుంటే నేల సమంగా ఉందా చూడండి. అదీ బాగుంటే మోటారు కింద ఉండే స్ప్రింగులు, రబ్బర్లు, జోడింపు బోల్టులు మెకానిక్కు చూడాల్సినవి.

5. అడుగున నీళ్లు కారుతున్నాయి, గరగర చప్పుడు

బుట్ట ఇరుసు చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. అది చినిగితే నీళ్లు ఇరుసు వెంట జారి నేరుగా మోటారు మీద పడతాయి. మొదట నాలుగు చుక్కలు, తర్వాత తుప్పు, తర్వాత గరగర, చివరికి మోటారు. సీలుతో పోయేదాన్ని మోటారు దాకా రానివ్వకండి. మోటారు మీద నీళ్లు పడుతున్నాయంటే షాకు భయం కూడా ఉంది కాబట్టి అది బాగయ్యేదాకా వాడొద్దు.

6. మూత ఎత్తినా బుట్ట ఆగట్లేదు

అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే. మా ఇంట్లో జరిగిందే చెప్తాను. ఒకసారి మూత స్విచ్చి పోయింది. వచ్చిన మెకానిక్కు కొత్తది దొరకలేదని రెండు తీగలూ కలిపేసి వెళ్లాడు. మిషను తిరిగింది, మేమూ సంతోషించాం. కొన్నాళ్లకు వంటింట్లోంచి వచ్చి చూస్తే మా పాప మూత ఎత్తి పట్టుకొని లోపలికి వంగి ఉంది, సాక్సు కోసం. బుట్ట పూర్తి వేగంతో తిరుగుతానే ఉంది. చెయ్యి ఇంకా పెట్టలేదు. అంతే తేడా.

తడి బట్ట వేలికి చుట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునే టైము ఉండదు. జడ, చున్నీ, చీర కొంగు కూడా అంతే. అందుకే మూత స్విచ్చిని తీగ కలిపి గానీ, పుల్ల దోపి గానీ మోసం చేయకండి. ఎవరైనా అట్లా చేస్తామంటే వద్దనండి. స్విచ్చి వచ్చేదాకా చేత్తో పిండుకుందాం, పోయేదేముంది?

ఇంట్లో చేసుకునే పరీక్షలు రెండు. మొదటిది, ప్లగ్గు పీకి, మూత ఎత్తి, బుట్టను చేత్తో తిప్పండి. బ్రేకు పట్టి గట్టిగా ఉండాలి. గిరగిరా తిరిగితే బ్రేకు పట్టడం లేదు. రెండోది, బట్టలు లేకుండా డ్రయ్యర్‌ను తిప్పి, పెద్దవాళ్లు దూరంగా నిలబడి మూత ఎత్తి లెక్కపెట్టండి. కొన్ని సెకన్లలో ఆగిపోవాలి. 15 లెక్కపెట్టినా ఆగకపోతే ఆ మిషను ఆ రోజు నుంచి వాడొద్దు.

7. ముట్టుకుంటే జిల్లుమంటుంది

"కొంచెం జిల్లంటుంది, అలవాటైపోయింది" అని ఎవరైనా అంటే నవ్వి వదిలేయకండి. ఈ రోజు జిల్లు, రేపు తడి కాళ్లతో ముట్టుకుంటే ప్రాణం. ఒళ్లంతా ప్లాస్టిక్కే కదా అనుకోవద్దు. లోపల మోటారు, ఇరుసు ఇనుమువే. ఉప్పు నీళ్లలో కరెంటు బాగా పారుతుంది.

మూడు పిన్నుల ప్లగ్గులో పొడుగ్గా, లావుగా ఉండేది ఎర్తు పిన్ను. అది సాకెట్‌లో పట్టలేదని విరగ్గొట్టడం, రెండు పిన్నులతో సరిపెట్టడం చేయకండి. లోపల ఎక్కడైనా తీగ తగిలితే ఆ కరెంటును భూమిలోకి పంపేది ఆ పిన్నే.

భూమిలోకి పంపాలంటే భూమి కూడా తీసుకోవాలి. మన కష్టం ఇక్కడుంది. రాష్ట్రంలో వాన తక్కువ పడే తాలూకాల్లో మనదొకటి. ఎండిన నేల కరెంటును సరిగ్గా తీసుకోదు. పదో తరగతి పిల్లలు ఓమ్ సూత్రంతో లెక్క వేయండి. ఎర్తు గుంత ఎండి నిరోధం 100 ఓములు అయిందనుకుందాం. 230ని 100తో భాగిస్తే 2.3 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దీనికి పడదు. అంటే మిషనుకు కరెంటు పారుతూనే ఉంటుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు.

దీనికి చేయాల్సినవి రెండు. బొగ్గు, ఉప్పు వేసి తీసిన ఎర్తు గుంత ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. ఎండాకాలం దానిలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయాలి. మిషను చివరి నీళ్లయినా సరే. రెండోది, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. 2.3 ఆంపియర్లంటే దానికి చాలా ఎక్కువ, వెంటనే పడిపోతుంది. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి. ఎర్తు తీగను న్యూట్రల్‌కు కలిపి "అదే ఎర్తు" అనే వాళ్ల మాట వినకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే మిషను ఒంటికే కరెంటు వస్తుంది.

జిల్లుమంటే ముట్టుకొని మళ్లీ పరీక్ష చేయొద్దు. పొడి చేత్తో గోడ స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మెకానిక్కు వచ్చినప్పుడు

"పాడైంది" అనకుండా ఏం జరిగిందో వరసగా చెప్పండి: ఉతికే తొట్టి తిరుగుతోందా, మూలుగుతోందా, వాసన వచ్చిందా, ఏ వేళలో. సగం పని అక్కడే అయిపోతుంది. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. "మోటారు పోయింది" అంటే కెపాసిటర్ మార్చి చూశారా, బ్రేకు చూశారా అని మర్యాదగా అడగండి. పోయే ముందు మూత ఎత్తి బుట్ట ఆగడం మీ కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.

పిల్లలకు ఆదివారం పని

పెద్దవాళ్లను పక్కన పెట్టుకొని నోటుబుక్కులో ఐదు సంగతులు రాయండి. మూత ఎత్తాక బుట్ట ఎన్ని సెకన్లలో ఆగింది? ప్లగ్గుకు మూడు పిన్నులూ ఉన్నాయా? పైన పెట్టే పల్చటి మూత ఉందా? నీళ్ల పైపు పల్లానికి ఉందా? ఎర్తు గుంత ఎక్కడ, అందులో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది? మిషను లేని ఇళ్ల పిల్లలు చివరి ప్రశ్న ఒక్కటే రాస్తే చాలు. అది ప్రతి ఇంటికీ కావాల్సిందే.

డ్రయ్యర్ ఒక రాత్రి తిరగకపోతే ఏమీ కాదు. యూనిఫాం కాస్త తడిగా ఉందని బడిలో ఎవరూ కోప్పడరు. మిద్దె మీద దండెం ఉంది, పొద్దున్నే ఎండ ఉంది. పిల్లలు బడికి రెండు చేతులూ బాగుండి రావాలి, అది ముఖ్యం.